మా అవ్వ అడిగిన కిటికీలు

నా చిన్నప్పుడు మా తాత ఇంటి వసారాలో మా ఇంటివాళ్లకు తప్ప లోకంలో అందరికీ చోటు ఉండేది. పెనుకొండలో బస్సులు ఆగే చోటికి సరిగ్గా ఎదురుగా ఉండేది ఆ ఇల్లు. వసారాకు పైన బండల కప్పు, ముందు నాలుగు రాతి స్తంభాలు, వెనక ఇంటి గోడ. మిగతా మూడు వైపులా ఏ అడ్డూ లేదు. బస్సు దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, ఎక్కాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు, అందరూ అక్కడే కూర్చునేవారు. హిందూపురం పోయే చింతపండు మూటలు, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చే గొర్రెలు, ధర్మవరం చీరల మూటను ఒళ్లో బిడ్డలా పెట్టుకుని కునికే నేతగాళ్లు, నిజంగానే ఒళ్లో బిడ్డలతో వచ్చే తల్లులు. బడి నుంచి వచ్చి నేను ఇంట్లోకి పోవాలంటే పావడా ఎత్తి పట్టుకుని నలుగురి కాళ్లు దాటాల్సి వచ్చేది.

మా నాయనకు ధర్మవరంలో ఉద్యోగం. అమ్మ, తమ్ముడు ఆయన దగ్గర ఉండేవారు. నన్ను మాత్రం బడి మార్చడం ఇష్టం లేక తాత, అవ్వల దగ్గరే వదిలారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మా తాత పొడగరి. ఆయన మీసం ఆయనకంటే గంభీరంగా ఉండేది. పొద్దున్నే వసారా స్తంభానికి తగిలించిన అద్దం ముందు నిలబడి, మీసానికి ఆముదం రాసి, కొసలు మెలి తిప్పి, అప్పుడు గానీ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ తర్వాత, బస్సులో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరు విప్పి, వసారాలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా చదివేవాడు. చదువు రానివాళ్ల కోసం చదువుతున్నానని అనేవాడు గానీ, చదువు వచ్చినవాళ్లు కూడా తప్పించుకునే వీలు ఉండేది కాదు. ఎవరైనా కునుకు తీస్తే ఆ వార్త మళ్లీ మొదటి నుంచి చదివేవాడు.

మా అవ్వ పొట్టి మనిషి. నలుగురు మగవాళ్లు ఉండే చోటికి వచ్చేది కాదు. తలుపు లోపల గడప పక్కన కూర్చుని చాటలో కొర్రలు చెరుగుతూ ఉండేది. కళ్లు చాటలో, చెవులు వసారాలో. ఆమె ఒక్కగానొక్క కూతుర్ని, అంటే మా అత్తను, మడకశిర అవతల ఒక పల్లెకు ఇచ్చారు. అవ్వకు చదవడం రాదు, అత్తకు రాయడం రాదు. ఆ వైపు నుంచి వచ్చే బస్సులోని మనుషులే ఆమెకు ఉత్తరాలు. “మడకశిర కాడి నుంచా అప్పా?” అని గడప లోపలి నుంచే అడిగేది. ఔనంటే ముందు మజ్జిగ, తర్వాత ప్రశ్నలు. తిరిగి పోయేవాళ్ల చేతికి చింతకాయ తొక్కో, నువ్వులుండలో మూట కట్టి ఇచ్చేది. ఆ మూట అత్తకు అందనిది ఒక్కసారి కూడా లేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మా అవ్వ, తాత ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునేవారు కాదు. కోపం ఉండి కాదు, అప్పటి మర్యాద అలాంటిది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా మాటలన్నీ నా మీదుగా నడిచేవి. “మీ తాతను అన్నానికి రమ్మను” అని అవ్వ అంటే, మూడడుగుల దూరంలో ఉన్న తాతకు ఆ మాట వినబడేది. అయినా నేను పోయి చెప్పేదాకా ఆయన కదిలేవాడు కాదు.

ఇలా సాగుతున్న కాపురంలోకి ఒక పొట్టేలు వచ్చింది.

ముదిగుబ్బ నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి దాన్ని మా వసారా స్తంభానికి కట్టి, బస్సు కోసం చూస్తున్నాడు. తాత కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పొట్టేలు కాసేపు శ్రద్ధగానే విన్నది. తర్వాత మెడ చాచి, వెనక పేజీ అంచు పట్టుకుని నమలడం మొదలుపెట్టింది. తాత గట్టిగా చదవడంలో మునిగి ఉండి చూసుకోలేదు. ఒక వార్త చివరికి వచ్చి పేజీ తిప్పితే అక్కడ పేజీ లేదు, పొట్టేలు మూతి ఉంది. తాత మిగిలిన కాగితాన్ని లాగాడు. పొట్టేలు కూడా లాగింది. ఆయన లేచి నిలబడి దాని ముఖాన చేయి ఆడించేసరికి, అది రెండడుగులు వెనక్కి వేసి ఒక్క పోటు పొడిచింది. మా తాత వసారా మీది నుంచి రోడ్డు మీదికి వచ్చి పడ్డాడు. ఆయన పంచె సగం వసారాలోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే హిందూపురం బస్సు వచ్చి ఆగింది.

బస్సు బస్సంతా నవ్వింది. కండక్టరు విజిల్ ఊదబోయి, నవ్వు ఆపుకోలేక ఊదలేకపోయాడు. గొర్రెల కాపరి పరుగెత్తుకొచ్చి తాతను లేపుతూ, “దానికి చదువు రాదు పెద్దాయనా, అందుకే తినింది” అన్నాడు. పాపం, క్షమాపణగానే అన్నాడు. కానీ బస్సు ఇంకోసారి నవ్వింది.

తాత పంచె బిగించి కట్టుకున్నాడు. మీసం మీద చేయి వేశాడు. “నెల తిరిగే లోపల ఈ వసారాకు మూడు పక్కలా గోడ కట్టకుంటే, ఇదో, ఈ మీసం తీసేస్తా! ఇంగ ఒక్కడన్నా ఈడ ఎట్లా కూర్చుంటాడో చూస్తా!” అని అందరికీ వినబడేలా అరిచాడు. కండక్టరు, “పై నెల ఇదే రోజు బస్సు ఆపి చూసి పోతాంలే పెద్దాయనా” అని, అప్పుడు ఊదాడు విజిల్.

తలుపు వెనక అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతవరకూ నవ్వుతూనే ఉంది. గోడ మాట వినగానే ఆమె భుజాలు కదలడం ఆగిపోయింది. కొంగు తీసి, చాట ముందుకు లాక్కుని, చెరిగిన కొర్రలనే మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. అప్పటికి మా అత్తకు నెలలు నిండుతున్నాయి. మూడో కాన్పు కాబట్టి పుట్టింటికి పంపలేదు. ఆ నెలలోనే గోడ.

మూడు రోజుల్లో ఇటుకలు దిగాయి. మేస్త్రీ వచ్చాడు. పెద్ద వయసు మనిషి, మాట తక్కువ. స్తంభాల మధ్య ముందువైపు మూడు ఖాళీలు, పక్కలకు చెరొకటి. నడుమ ఒక మనిషి పట్టే వాకిలి వదిలి, మిగతాదంతా మూసేస్తే పని అయిపోయినట్టే. దారం కట్టి ఎడమ పక్కన మొదలుపెట్టాడు. గోడ మోకాలి ఎత్తు లేచేసరికి అవ్వ నన్ను పిలిచింది.

“మీ తాతతో చెప్పు. గోడ బాగుండాది. ఊపిరాడేదానికి ఆ పక్క ఒక కిటికీ మాత్రం ఉంటే చాలు.”

నేను పోయి చెప్పాను. తాత గెలిచినవాడి ఉదారతతో మేస్త్రీ వైపు తిరిగి, “ఒకటే గదా, పెట్టియ్యప్పా” అన్నాడు. అవ్వ అంతటితో ఆగలేదు. కిటికీ కొంచెం వెడల్పుగా ఉండాలంది. దాని కింది తిన్నె మీద మరచెంబు పెట్టుకునేంత చోటు కావాలంది. ఊచలు ఇప్పుడే వద్దు, తర్వాత చూసుకుందామంది. ఒక్కొక్క మాటా విడివిడిగా, రోజుకొకటి చొప్పున పంపింది. చివరికి మేస్త్రీ కట్టిన కిటికీ తిన్నె మీద మరచెంబు కాదు, ముగ్గురు మనుషులు కూర్చోవచ్చు.

కుడి పక్కన గోడ లేచేటప్పుడు వడియాలు ఎండాలంటే ఎండ రావాలని కబురు పంపింది. అక్కడా అలాంటి కిటికీనే వచ్చింది. ముందువైపు మొదటి ఖాళీ దగ్గరికి వచ్చేసరికి, ఇంక కుదరదని తాత గట్టిగా చెప్పాడు. ఆ మాట నేను అవ్వకు చేరవేశాను. అవ్వ చాట కింద పెట్టింది.

“నాకేం వద్దులే. అద్దం ఉండేది ఆ పక్కనే గదా. చీకట్లో మీసం ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి అయితే చూసేవాళ్లకు బాగుండదు, అదే నా బాధ. ఇంగ మీ తాత ఇష్టం.”

తాత చేయి దానంతట అదే మీసం మీదికి పోయింది. ఆ కిటికీ మిగతా రెండింటికంటే పెద్దది వచ్చింది. మేస్త్రీ తాపీ కింద పెట్టి, “నలభై ఏండ్లుగా గోడకు కిటికీ పెడతాండా. కిటికీకి గోడ పెట్టేది ఇదే మొదలు” అన్నాడు.

నాకు అప్పుడు తట్టింది. వంటింట్లోకి పరుగెత్తి, గోడ వద్దని ఒక్కమాట చెప్పేయొచ్చు కదా అని అవ్వను అడిగాను. అవ్వ పొయ్యి ఊదుతూ, “వద్దంటే ఆయన మీసం మీదికి వస్తాది. గాలి కావాలంటే ఎవురి మీదికీ రాదు” అంది.

అవ్వ లెక్క బాగానే ఉంది గానీ, ఒక సంగతి ఆమె కూడా ఊహించలేదు. ఇటుకలు, సున్నం, ఇసుక కుప్పలు చూసి జనం వసారా వైపు రావడం మానేశారు. రోడ్డుకు అవతల దర్జీ అంగడి ముందు రేకుల నీడలో నిలబడేవారు. తాత కుర్చీ వేసుకుని సగం గోడల మధ్య పేపరు చదివేవాడు. మొదటి రోజు గట్టిగా చదివాడు. మేస్త్రీ వినలేదు. రెండో రోజు గొంతు తగ్గింది. నాలుగో రోజు పేపరు మడత కూడా విప్పలేదు. నన్ను పిలిచి కూర్చోబెట్టి చదవబోయాడు గానీ, నేను నిద్రపోయాను.

అవ్వ పరిస్థితి ఇంకా దారుణం. అద్దం పక్క కిటికీలోంచి చూస్తే మడకశిర బస్సు వచ్చే దారి కనబడేది కాదు. అటు తెరుచుకునేవి ఇంకా మూయని రెండు ఖాళీలే. అక్కడ ఇటుకలు పేర్చి ఉన్నాయి. మా అవ్వ నాలుగు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద ఎక్కి, మేస్త్రీ చూడనప్పుడు రోడ్డు వైపు తొంగి చూసేది. ఒకసారి నేను చూశాను. దిగుతూ, ఇటుకలు లెక్కపెడుతున్నానంది.

ఒక మధ్యాహ్నం దర్జీ రోడ్డు దాటి వచ్చాడు. ఏదో పెళ్లికి పోయి అప్పుడే ఊళ్లో దిగాడు. తలుపు దగ్గర నిలబడి, “అవ్వా, మర్చేపోయినా. మీ అల్లుని ఊరి మనిషి మూడు దినాల కింద వచ్చిండె. ఈడ కూర్చునే చోటు లేదని మా అంగడి కాడ నిలబడె. బస్సు రాంగానే నాకు చెప్పి ఎక్కేసినాడు. మీ కూతురికి ఆడబిడ్డ పుట్టిందంట. ఇద్దురూ బాగుండారంట” అన్నాడు.

అవ్వ దర్జీకి బెల్లం ముక్క ఇచ్చి పంపింది. తర్వాత దేవుని గూటి ముందు దీపం పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చుంది. మూడు రోజుల పాటు ఆమె అన్నం సరిగ్గా తినలేదని నాకు తెలుసు. ఆ మూడు రోజులూ బిడ్డ పుట్టి, తల్లి బాగుండి, ఆ సంగతి రోడ్డుకు అవతలే ఆగిపోయి ఉందని అప్పుడు తెలిసింది. తాత కుర్చీలో కూర్చునే ఉన్నాడు. అన్నీ విన్నాడు. ఆ రోజు మీసం మీద చేయి పడటం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున అవ్వ రాగి సంగటి కెలుకుతుంటే, వసారా నుంచి తాత నన్ను పిలిచాడు. “మీ అవ్వను అడుగు, ముందర పక్క ఇంగో కిటికీ ఏమన్నా కావాల్నేమో.”

నాకు ఆశ్చర్యంగా ఉంది. పోయి అడిగాను. అవ్వ తెడ్డు ఆపకుండా, “వద్దని చెప్పు. ఉండేవి చాలు” అంది.

తాత ముఖం చిన్నబోయింది. గాలి చాలదేమో అడగమన్నాడు. చాలుతుందని అవ్వ జవాబు. వడియాలకు ఎండ? వడియాలు పెట్టేది ఎండాకాలంలో అని జవాబు. నేను వసారాకూ వంటింటికీ మధ్య తిరిగి తిరిగి రొప్పుతున్నాను. మేస్త్రీ చేతిలో ఇటుక పట్టుకుని, “పెద్దాయనా, గోడ కట్టాల్నా, కిటికీ కట్టాల్నా? ఏదో ఒకటి చెప్పు, సున్నం గట్టిపడతాండాది” అన్నాడు. “ఉండప్పా, లోపల మాట్లాడతాండారు” అని తాత కసురుకున్నాడు.

అవ్వ ముఖం పొయ్యి వైపు ఉంది కానీ, చెంప కొంచెం పైకి లేచింది. నవ్వుతోంది.

ఆఖరికి మా తాత లేచి వచ్చాడు. వంటింటి గడప దాకా రావడం నా ఎరుకలో అదే మొదటిసారి. తల వంచి నిలబడ్డాడు, ఆ ద్వారం ఆయన ఎత్తుకు సరిపోదు. అవ్వను చూడలేదు. నన్ను చూస్తూ అన్నాడు.

“పాపా, మడకశిర బస్సు వచ్చేది ఇంట్లో ఉండేవాళ్లకు కనపడాల్నంటే యాడ తెరపి పెట్టాల్నో మీ అవ్వకు తెలిసినంతగా నాకు తెలియదు.”

అవ్వ చేతిలో తెడ్డు ఆగింది. సంగటి రెండుసార్లు బుడగలు వేసింది. నేను ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశాను. అవ్వ ఇంకొక్కసారి వద్దంటే చాలు, తాత నోరు తెరిచి తప్పు తనదేనని ఒప్పుకునేవాడని ఈరోజుకీ నా నమ్మకం. ఆమె ఆ అవకాశం ఆయనకు ఇవ్వలేదు.

“మీ తాతతో చెప్పు. నాకు మోకాళ్ల నొప్పులు. ఇరుకు వాకిట్లో తిరిగేదానికి కాదు. నడుమ స్తంభాల మధ్య ఎంత ఉంటే అంత వాకిలి కావాల. దాని పక్కన కిటికీ ఒకటి. తలుపు చెక్క ఎప్పుడన్నా చేయించుకుందాం.”

నేను నోరు తెరిచేలోపలే తాత వెనక్కి తిరిగి, వసారా దద్దరిల్లేలా అరిచాడు. “విన్నావా మేస్త్రీ! ఈ ఆడోళ్లతో వేగేది కష్టమప్పా! ఇంగో కిటికీ అంట! ఇంతలావు వాకిలంట!” ఆ గొంతులో ఉన్నంత సంతోషం నేను పండుగనాడు కూడా వినలేదు.

గడువు రోజు వచ్చింది. హిందూపురం బస్సు ఆగింది. కండక్టరు అన్నమాట ప్రకారం దిగాడు. అతని వెనక బస్సు మొత్తం దిగింది. ఎవరి ద్వారా తెలిసిందో, గొర్రెల కాపరి కూడా పొట్టేలుతో సహా వచ్చాడు. మంగలి కత్తి తీసుకుని రానా అని గుంపులోంచి ఎవరో అడిగారు. తాత ఆముదం రాసిన మీసంతో వాకిట్లో నిలబడ్డాడు.

కండక్టరు వసారా చుట్టూ తిరిగి చూశాడు. మూడు వైపులా మోకాలి ఎత్తు గోడ. దాని మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా కిటికీలు. నడుమ తలుపు లేని వాకిలి, అందులో ఎద్దులబండి పట్టేలా ఉంది.

“పెద్దాయనా, ఇది గోడనా, కిటికీల అంగడినా?”

జనం గొల్లుమన్నారు. మా తాత తొణకలేదు. “గోడ లేకుంటే కిటికీ యాడ పెడతారప్పా?” అన్నాడు.

కండక్టరు విజిల్‌తో తల గోక్కున్నాడు. జనం ఒకరినొకరు చూసుకున్నారు. గొర్రెల కాపరి ఆలోచించి, “ఆ మాట నిజమే గదా” అన్నాడు. అంతే, మీసం నిలిచింది. వెనక నుంచి ఒక ముసలాయన, అయితే ఇంక లోపలికి రాకూడదా అని మెల్లగా అడిగాడు. తాత గొంతు సవరించుకుని, “మనుషులు లోపలికి, జీవాలు బయట” అని తీర్పు చెప్పాడు. జనం వచ్చి కిటికీ తిన్నెల మీద కూర్చున్నారు. ఇదివరకు నేల మీద కూర్చునేవాళ్లకు ఇప్పుడు కాళ్లు వేలాడేసుకునే వసతి కూడా కలిగింది. పొట్టేలు ముందుకాళ్లు తిన్నె మీద పెట్టి లోపలికి తొంగి చూసింది. తాత పేపరు వెనక్కి దాచాడు.

“ఇన్ని కిటికీలు ఎవరు పెట్టమన్నారు సామీ?” అని కండక్టరు నవ్వాడు.

“మా ఇంట్లో ఆడోళ్లు. ఒకటే పోరు. ఏం చేస్తాం?” అని తాత నిట్టూర్చాడు. అందరూ గడప లోపల కూర్చున్న మా ఇద్దరి వైపు చూశారు. అవ్వ తప్పు చేసినదానిలా తల వంచుకుంది.

నాకు ఒళ్లు మండింది. అబద్ధం! చివరి కిటికీ కోసం నన్ను ఎన్నిసార్లు తిప్పాడో నాకు తెలియదా? “కాదు, అవ్వ వద్దనింది, తాతే...” అని మొదలుపెట్టాను. ఆ తర్వాతి మాట రాలేదు. మా అవ్వ పక్కనే ఉన్న డబ్బాలోంచి ఒక నువ్వులుండ తీసి నా నోట్లో కుక్కింది. పెద్దది. అది నమిలి మింగేలోపల బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం అవ్వ దగ్గర కూర్చుని ముఖం ముడుచుకున్నాను. నీ మీద అబద్ధం చెప్పాడు కదా, ఎందుకు ఊరుకున్నావని అడిగాను. ఆమె నా జడ విప్పి మళ్లీ అల్లుతూ చెప్పింది.

“నిజం ఆయనకు తెలుసు. నాకు తెలుసు. నీకూ తెలుసు. ఇంగ బస్సోళ్లకు కూడా తెలియాల్నా?”

బిడ్డకు మూడో నెలలో మా అత్త దాన్ని తీసుకుని వచ్చింది. బస్సు మలుపు తిరగకముందే ముందువైపు కిటికీలోంచి అవ్వ చూసింది. తాతతో చెప్పమని నన్ను పిలవడం కూడా మర్చిపోయి, “ఇదో, వచ్చినారు, లెయ్యి!” అని నేరుగా ఆయనకే చెప్పింది. తాత లేచాడు. మర్యాద ఆ రోజుకు ఎటు పోయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

నేను పెద్దదాన్నై, పెళ్లి చేసుకుని, నలభై ఏళ్లు కాపురం చేశాను. మా వారు మంచివారు, కాస్త పట్టుదల మనిషి. గెలుపు నాదేనని నాకు తెలిసిపోయి, చివరి మాట నాలుక మీదికి వచ్చిన ప్రతిసారీ, తల వంచి వంటింటి గడప దగ్గర నిలబడిన మా తాత కనిపించేవాడు. ఆ మాట మింగేసి, మోకాళ్ల నొప్పులో మరొకటో చెప్పేదాన్ని. పని నేననుకున్నట్టే జరిగేది. ఇంటికి వచ్చినవాళ్లతో మా వారు, “ఈమె నాతో వాదించి ఒక్కసారి కూడా గెలవలేదు” అని చెప్పుకుని మురిసిపోయేవారు. నేను కాఫీ గ్లాసులు అందిస్తూ అవునని తల ఊపేదాన్ని. అలా ఊపిన ఒక్కసారి కూడా ఓడిపోయాననిపించలేదు.